టెక్ సందేహాలు: ఉప్పునీటి ట్యాంకులో పరికరం మొండికేస్తే

ఈ శీర్షికకు మామూలుగా ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలే వస్తాయి. ఈసారి నాలుగు ఉత్తరాలు ఉప్పునీటి అక్వేరియాల గురించి వచ్చాయి. నాకు ప్రాణమైన విషయం కాబట్టి ఈ వారం చోటంతా వీటికే ఇస్తున్నాను. తెలియనివారి కోసం ఒక్క మాట. రీఫ్ ట్యాంకు అంటే సముద్రపు నీటిలో పగడాలు, చేపలు కలిపి పెంచేది. కింద అలమరలో సంప్ అనే ఇంకో తొట్టి ఉంటుంది. హీటర్, నీటిని పైకి తోసే రిటర్న్ పంపు, మురికిని నురగగా లాగేసే స్కిమ్మర్ అందులో ఉంటాయి. పై ట్యాంకులో నీటిని అలల్లా కదిపే పవర్‌హెడ్లు. వీటిలో ఒకటి మొరాయించినా కొన్ని గంటల్లోనే ప్రాణాల మీదికి రావచ్చు.

ముందుగా విజయవాడ ఉత్తరం, ఎందుకంటే ఇది మనిషి ప్రాణం సంగతి.

సంప్‌లో చెయ్యి పెడితే జివ్వుమంటోంది. టెస్టర్ పెడితే సన్నగా వెలుగుతోంది. చేపలు మాత్రం బాగానే తిరుగుతున్నాయి. భయపడాలా?

భయపడాలి. ఈ జవాబు చదివేదాకా చెయ్యి పెట్టకుండా ఉండి ఉంటే చాలు. చేపలు బాగున్నాయని ధైర్యపడకండి. కరెంటు తీగ మీద వాలిన కాకికి ఏమీ కానట్టే, నీటిలో మునిగి ఉన్న చేప ఒంట్లోంచి భూమిలోకి కరెంటు పోయే దారి లేదు. మీరు తడి నేల మీద నిలబడి చెయ్యి ముంచితే ఆ దారి మీరే అవుతారు. పైగా ఉప్పునీరు మంచినీటి కంటే ఎన్నో రెట్లు బాగా కరెంటును మోస్తుంది.

మెయిన్ ఆపి, పొడి చేతులతో ట్యాంకు ప్లగ్గులన్నీ తీసేయండి. మొదటి అనుమానం హీటర్ మీద పెట్టుకోండి, గాజు గొట్టం సన్నగా చిట్లితే కంటికి కనబడదు. తర్వాత పంపుల వైర్లు, ముఖ్యంగా ఉప్పు పేరుకుని తెల్లబడ్డ చోట. లీకేజీ లేకపోయినా పని చేసే పంపుల దగ్గర నీటిలో కొద్దిపాటి వోల్టేజీ మీటరులో కనబడుతుంది, అందుకే ఏది నిజమైన లీకేజీయో తేల్చే పని ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి.

మీ బోర్డులో ఎంసీబీ ఉందని రాశారు. అది వైరింగును కాపాడుతుంది, మిమ్మల్ని కాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే అది రెప్పపాటులో కట్ చేస్తుంది. అది పెట్టాకే ట్యాంకులో ఎర్తింగ్ ప్రోబ్, అంటే నీటిలోని కరెంటును భూమిలోకి పంపే కడ్డీ వేయించాలి. అప్పుడు లీకేజీ మొదలవగానే, మీరు ముట్టుకోకముందే ట్రిప్ అవుతుంది. ఆర్‌సీసీబీ లేకుండా ప్రోబ్ ఒక్కటే వేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి. వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, ప్లగ్గులోకి పోదు.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. 75 గాలన్ల రీఫ్ ట్యాంకు. ఎప్పుడూ 78 ఫారెన్‌హీట్ ఉండే నీరు తెల్లవారుజామున 87 చూపించింది. హీటర్‌కి పెట్టిన స్మార్ట్ ప్లగ్గు యాప్‌లో ఆఫ్ అనే ఉంది, 300 వాట్ల హీటరేమో వెలుగుతూనే ఉంది. గోడ నుంచి పీకేశాను. పగడాలు ముడుచుకుపోయాయి. ఇప్పుడేం చేయాలి? మళ్లీ కొంటే ఏ ప్లగ్గు కొనాలి?

పీకేయడం సరైన పని. వేడిగా ఉన్న హీటర్‌ను వెంటనే నీటిలోంచి బయటికి తీయకండి, గాజు పగులుతుంది. ఒక పావుగంట అలాగే ఉంచండి.

87 అంటే 30.6 సెల్సియస్. ఈ వేడి దగ్గర మొదటి గండం గాలి. 25 డిగ్రీల దగ్గర సముద్రపు నీరు లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటుంది, 30 డిగ్రీలకు అది 6.2కి పడిపోతుంది. అదే సమయంలో చేపలకు ఊపిరి అవసరం పెరుగుతుంది. పైగా రాత్రంతా లైట్లు లేవు, పగడాల్లోని నాచు ఆక్సిజన్ ఇవ్వడం మానేసి తనూ పీల్చుకుంటుంది. అందుకే ఇలాంటి చావులు ఎక్కువగా తెల్లవారుజామునే జరుగుతాయి. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే వేడి తగ్గించే ప్రయత్నం కంటే ముందు పవర్‌హెడ్‌ను పైకి తిప్పండి. నీటి ఉపరితలం కళపెళలాడాలి. స్కిమ్మర్ ఆపకండి. మూత తీసేయండి, లైట్లు వేయకండి, ఇవాళ మేత కూడా వద్దు.

తర్వాత చల్లబరచడం. ఐసు ముక్కలు నేరుగా వేస్తే అది మంచినీరు కాబట్టి ఉప్పదనం దెబ్బతింటుంది. లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి, మూత బిగించి సంప్‌లో తేలేలా వేయండి. మీ ట్యాంకులో నీరు 280 లీటర్ల చిల్లర. ఒక లీటరు సీసా కరిగి నీటి వేడికి వచ్చేసరికి తగ్గేది 0.4 డిగ్రీ మాత్రమే. కాబట్టి ఒక్కొక్కటిగా వేస్తూ వెళ్తే కొంపలేమీ మునగవు, ఒకేసారి పది వేస్తేనే చిక్కు. నేనైతే గంటకు ఒక డిగ్రీ చొప్పున దించుతాను. పైన టేబుల్ ఫ్యాన్ పెడితే ఇంకా నయం.

పగడాలు తెల్లబడితే చనిపోయాయని పారేయకండి, ఇది మరీ మరీ చెబుతున్నాను. వేడికి అవి తమలో ఉండే సూక్ష్మ నాచును బయటికి నెట్టేస్తాయి, రంగు అందుకే పోతుంది. కండ ఇంకా ఉంటే కొన్ని వారాల్లో కోలుకునే అవకాశం ఉంది. లైటు తగ్గించి, నీటిని నిలకడగా ఉంచండి. అమ్మోనియా పరీక్ష రోజూ చేయండి. కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేసి, అదే వేడి, అదే ఉప్పదనం ఉన్న నీటితో పదో ఇరవయ్యో శాతం మార్చండి.

ఇక ప్లగ్గు. ప్లగ్గు లోపల రిలే అనే చిన్న స్విచ్చు ఉంటుంది. అది కలిసి విడిపోయే ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ. రోజుకు పదులసార్లు, నెలల తరబడి అలా జరిగితే లోహపు కొనలు కరిగి అతుక్కుపోతాయి. యాప్‌లో కనబడే ‘ఆఫ్’ మనం పంపిన ఆజ్ఞ మాత్రమే, అవతల కరెంటు ఆగిందనడానికి సాక్ష్యం కాదు. నాకూ ఒకసారి ఇలాగే జరిగింది. పదేళ్ల వయసున్న క్లౌన్ చేప జంట పోయింది, ఆ దిగులు ఇప్పటికీ ఉంది. కాబట్టి ఏ కంపెనీ ప్లగ్గు అన్నది వదిలేసి, రిలే అతుక్కుపోతే ఏమవుతుందో చూసుకుని అమర్చుకోండి.

300 వాట్ల హీటర్ మీ ట్యాంకును ఒక డిగ్రీ పెంచడానికి గంట పైచిలుకు తీసుకుంటుంది. అంటే మీది దాదాపు రాత్రంతా వెలిగి ఉంటుంది. దాని బదులు 150 వాట్లవి రెండు కొని, ఒక్కోదాన్ని వేరే ప్లగ్గుకు పెట్టండి. ఒకటి అతుక్కున్నా వేడి సగం వేగంతోనే పెరుగుతుంది, ఆ సగంలో కొంత గదిలోకే పోతుంది. హీటర్ల సొంత థర్మోస్టాట్‌ను 27 సెల్సియస్‌కి, నీటి వేడి చూసి ప్లగ్గును వేసి ఆపే కంట్రోలర్‌ను 25.5కి పెట్టండి. రెండూ ఒకేసారి చెడిపోతేనే ప్రమాదం. కరెంటు వాడకం చూపించే ప్లగ్గు అయితే, ‘ఆఫ్‌లో ఉన్నా 5 వాట్లు దాటితే’ ఫోన్‌కి అలర్టు వచ్చేలా రూల్ రాసుకోవచ్చు. దానితోపాటు వైఫైతో పని లేకుండా గట్టిగా మోగే థర్మామీటరు ఒకటి పడకగదికి వినబడేలా పెట్టండి. రౌటరు ఆగిపోయిన రాత్రి ఫోన్ మూగబోతుంది. రీఫ్-పై లాంటి ఓపెన్ సోర్స్ కంట్రోలర్లు, డీఎస్18బీ20 అనే వేడి కొలిచే సెన్సర్లు మంచివే, కానీ ఆ సెన్సర్ చూపే అంకెలో అర డిగ్రీ అటూ ఇటూ తేడా ఉండొచ్చు. మంచి థర్మామీటరుతో ఒకసారి సరిచూసుకోండి.

టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి దీనికి తలకిందులైన ప్రమాదం కూడా చెప్పాలి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో అక్కడ 45 లక్షలకు పైగా ఇళ్లు, వ్యాపారాలకు కరెంటు పోయింది. అలాంటప్పుడు ట్యాంకు చుట్టూ దుప్పట్లు కప్పండి, పైభాగం మాత్రం గాలికి వదలండి. చిన్న యూపీఎస్ మీద హీటర్ నడిపితే నిమిషాల్లో ఖాళీ అవుతుంది, అదే యూపీఎస్ ఒక పవర్‌హెడ్‌ను గంటల తరబడి నడపగలదు. జనరేటరు ఇంట్లో కానీ గ్యారేజీలో కానీ పెట్టకండి. ఆ తుపానులో కార్బన్ మోనాక్సైడ్‌కు మనుషులే బలయ్యారు.

హైదరాబాద్. 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు, రెండు క్లౌన్ చేపలు. ఎండాకాలం కరెంటు పోతే నీటిని చల్లబరిచే చిల్లర్ ఆగిపోతోంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ ఉన్నాయి. చిల్లర్‌ను దానికి కలపవచ్చా?

వద్దండీ. చిల్లర్‌లో కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది, ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. స్క్వేర్ వేవ్, అంటే నున్నటి అలలా కాక మెట్లుమెట్లుగా వచ్చే కరెంటు మీద మోటార్లు వేడెక్కుతాయి కూడా. మామూలు ఏసీ పంపులు గుర్రుమంటూ తిరుగుతాయి, కొన్ని తిరగనే తిరగవు. అడాప్టర్‌తో నడిచే 12, 24 వోల్టుల డీసీ పంపులకు సాధారణంగా ఆ బాధ ఉండదు.

లెక్క చూడండి. 12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే 1800 వాట్-అవర్లు. బ్యాటరీ ఆయుష్షు కోసం సగమే వాడామనుకుందాం. 10 వాట్ల పవర్‌హెడ్, 5 వాట్ల ఎయిర్ పంపు దాని మీద రెండు రోజుల దాకా నడుస్తాయి, ఇంట్లో ఫ్యాన్లు కూడా పంచుకుంటే తక్కువ. ఆ రెండిటినే కలపండి. ఇన్వర్టర్ కూడా మొండికేస్తే దిక్కుగా, కరెంటు పోగానే తనంతట తానే మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఉంచుకోండి.

చల్లదనానికి సంప్ మీద చిన్న డీసీ ఫ్యాన్ పెట్టండి. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే. ఒక లీటరు నీరు ఆవిరైతే అది పట్టుకుపోయే వేడి 200 లీటర్లను దాదాపు 3 డిగ్రీలు దించేంత. మే నెలలో హైదరాబాద్‌లో గాలి పొడి కాబట్టి బాగా పని చేస్తుంది. విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లో ఇంత ఫలితం ఉండదు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు, కాబట్టి తగ్గినంతా ఆర్‌ఓ నీటితోనే నింపాలి.

మీకు మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్ కూడా ఉందన్నారు. కరెంటు పోయి గంటలు గడిస్తే లోపలి నీరు కుళ్లుతుంది. కరెంటు రాగానే ఆ నీరంతా చేపల మీదికి వస్తుంది. అందుకే ముందు దాన్ని ఆపి, విప్పి, నీరు పారబోసి, అప్పుడు వేయండి.

పగడాలు కూడా పెంచాలనుందని చివర్లో రాశారు. మన దేశంలో గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. దుకాణంలో ఎవరు అమ్మజూపినా కొనకండి. క్లౌన్ చేపలైతే హ్యాచరీలో పుట్టినవే అడగండి. తమిళనాడు మండపంలోని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) ఆ పద్ధతిని ఎప్పుడో సాధించింది.

బెంగళూరు. 150 లీటర్ల ట్యాంకు. ఆవిరైన నీటిని నింపే ఆటో టాప్-ఆఫ్ సెన్సర్ చెడిపోయి 15 లీటర్ల ఆర్‌ఓ నీరు లోపలికి పోయింది. ఉప్పు కలిపేయనా?

తొందరపడకండి. కిలో నీటికి 35 గ్రాములు ఉన్న ఉప్పదనం 31.8 దగ్గరికి వచ్చి ఉంటుంది, అంటే ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో 1.024. చేపలు తట్టుకుంటాయి. పొడి ఉప్పు ట్యాంకులో వేస్తే పలుకులు తగిలిన చోట ప్రాణుల ఒళ్లు కాలుతుంది, ఆ పని మాత్రం చేయొద్దు. పొంగే ప్రమాదం ఉంటే పెరిగిన నీరు తోడేయండి. ఒకటి రెండు రోజులు ఆర్‌ఓ బదులు ఉప్పునీటితో నింపుతూ పోతే మెల్లగా పాత చోటికి వస్తుంది.

మీ ప్లగ్గులో టాస్మోటా అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉందని రాశారు కదా, రెండు ఆజ్ఞలు చాలు. పల్స్‌టైమ్ 160 అని పెడితే పంపు 60 సెకన్లకు దానంతట అదే ఆగుతుంది, సెన్సర్ ఏమన్నా సరే. పవర్‌ఆన్‌స్టేట్ 0 పెడితే కరెంటు పోయి వచ్చాక ఆఫ్‌లోనే లేస్తుంది. ఆర్‌ఓ డబ్బా కూడా సంప్‌లో ఖాళీగా ఉన్న చోటు కంటే పెద్దది ఉండకూడదు, అప్పుడు మొత్తం దొర్లిపోయినా నేల తడవదు.

గొట్టం కొసను కూడా చూడండి. అది డబ్బాలోని నీటిమట్టం కంటే కిందికి ఉంటే, పంపు ఆగినా నీరు సైఫన్‌లా లాక్కుంటూనే ఉంటుంది. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని ఆపలేదు. కొసను డబ్బాలోని నీటిమట్టం కంటే పైన, సంప్ నీటికి తగలకుండా క్లిప్పుతో బిగించి, పంపు ఒకసారి వేసి ఆపి, చుక్కలు ఆగాయో లేదో ఐదు నిమిషాలు నిలబడి చూడండి.