వడపోత గోడను చదవబోయే నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

మూత్రపిండంలోని వడపోత గోడను పరిశోధనకు ఎంచుకున్నానని నువ్వు రాసిన ఉత్తరం నాకెంతో సంతోషం కలిగించింది. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు కనుక చెబుతున్నాను: ముందు ‘జల్లెడ’ అన్న మాటను మనసులోంచి తీసివెయ్యి. జల్లెడకు ఒకసారి పడిన రంధ్రాలు ఎవరూ పట్టించుకోకపోయినా అలాగే ఉంటాయి. ఇక్కడ రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం పీడనంతో దాటిపోతున్నా, అల్బుమిన్ అనే ప్రోటీన్ దాదాపు మొత్తం రక్తంలోనే నిలిచిపోయేలా సందులను కణాలు అనుక్షణం పట్టి ఉంచుతాయి. ఆ పట్టు ఎలా నిలుస్తోందన్నదే నీ ప్రశ్న కావాలి.

గోడకు లోపలి వైపు రక్తనాళపు లోపొరగా సన్నని రంధ్రాలున్న ఎండోథీలియల్ కణాలు, నడుమ ఆధార త్వచం, వెలుపల పాదాల్లాంటి కొమ్మలతో దాన్ని కప్పే పోడోసైట్ కణాలు ఉంటాయని నీకు తెలుసు. పరిశోధనా పత్రాలు తెరవకముందే ఆరోగ్యవంతమైన మూత్రపిండపు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రం ముందు ఒక పూట కూర్చో. ఇరుగుపొరుగు పోడోసైట్ల పాదాలు రెండు చేతుల వేళ్లు పెనవేసుకున్నట్టు త్వచం మీద వరుసగా కనిపిస్తాయి. వాటి నడుమ సుమారు 40 నానోమీటర్ల సందు, ఆ సందుకు అడ్డంగా వెంట్రుక కన్నా ఎంతో సన్నని గీత. ఆ గీతలో ప్రధానమైనది నెఫ్రిన్ అనే ప్రోటీన్. ఒక పాదం నుంచి వచ్చిన నెఫ్రిన్ ఎదుటి పాదపు నెఫ్రిన్‌ను సందు మధ్యలో అందుకుంటుంది. పుట్టుకతోనే మూత్రంలో విపరీతంగా ప్రోటీన్ పోయే ఫిన్నిష్ రకం నెఫ్రోటిక్ సిండ్రోమ్‌ను పరిశీలిస్తూ, శాస్త్రవేత్త కార్ల్ ట్రిగ్‌వాసన్ బృందం 1998లో నెఫ్రిన్ జన్యువును గుర్తించింది.

అయితే పేరు దగ్గర ఆగిపోవద్దు. ప్రతి ప్రోటీన్ విషయంలోనూ అది దేనిని పట్టుకుని ఉందో అడుగు. నెఫ్రిన్ తోక కణం లోపల పోడోసిన్, సీడీ2ఏపీ అనే ప్రోటీన్లతోనూ, వాటి ద్వారా కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్ తంతువులతోనూ ముడిపడి ఉంటుంది. ఆ తోకకు ఫాస్ఫేట్ చేరినప్పుడు ఎన్‌సీకే అనే ప్రోటీన్ వచ్చి అతుక్కోవడంతో అక్కడ కొత్త ఆక్టిన్ అల్లుకుంటుంది. అంటే నెఫ్రిన్ పాదాలను కలిపే తాడే కాక, సందు పరిస్థితిని లోపలికి చేరవేసే కబురు కూడా. ఇక ఆక్టిన్‌ను కట్టలుగా కట్టే ఆల్ఫా-ఆక్టినిన్-4 అనే ప్రోటీన్ కథ నాకు చాలా ఇష్టం: కొన్ని కుటుంబాల్లో దానికి వచ్చిన మార్పు వల్ల పట్టు సడలడం కాదు, మరీ బిగుసుకుపోయింది, అయినా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. పాదం కదలగలగాలి, కుదురుగానూ ఉండాలి. పాదాలను త్వచంలోని లామినిన్ అనే ప్రోటీన్‌కు బిగించి ఉంచే ఇంటెగ్రిన్లను కూడా మరువకు.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. తొలి రోజుల్లో ఒక బిడ్డ బయాప్సీని మామూలు మైక్రోస్కోప్ కింద చూసి, వడపోత జరిగే రక్తనాళాల ఉండలైన గ్లోమెరులస్‌లన్నీ చక్కగా ఉన్నాయని రాసేశాను. తరవాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రం వచ్చింది. పాదాలన్నీ అణిగి, త్వచం మీద పరిచిన ఒకే పలకలా మారిపోయి ఉన్నాయి. ఆ బిడ్డ ఒళ్లంతా ఎందుకు వాచిందో అప్పుడు అర్థమై, చాలాకాలం బాధపడ్డాను. అలాంటి వ్యాధి ఉన్న కొందరి రక్తంలో నెఫ్రిన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నట్టు ఈ మధ్యనే తేలింది. నీ తరానికి అక్కడ చేయవలసిన పని చాలా ఉంది.

పళ్లెంలో పెంచిన పోడోసైట్లను మాత్రం పూర్తిగా నమ్మవద్దు. అవి పెరుగుతాయి, కదులుతాయి, కానీ పొరుగు కణంతో నిజమైన సందును కట్టుకోవు. అక్కడ కనిపించిన ప్రతిదాన్నీ కణజాలంలో సరిచూసుకున్నాకే రాయి. పెద్దయ్యాక ఈ కణాలు దాదాపుగా విభజన చెందవు కనుక, ఎన్ని రాలిపోయాయో లెక్కించడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకో.

మొదటి చిత్రం చూసిన రోజే ఆ సందును చేత్తో గీసి నాకు పంపు. నెఫ్రిన్ తోక దగ్గర నువ్వు ఏమేమి రాశావో ముందుగా అదే చూస్తాను.