పదమూడో నంబరు, పసుపు పూసిన డిస్కు

సైకిల్ రేసులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ట్రైనింగు ప్రశ్నల కంటే సెంటిమెంట్లవే ఎక్కువ. నవ్వి పక్కన పెట్టేసేవి కావు. చాలావాటి వెనక నట్టో బోల్టో గాలో ఉంది.

ప్రశ్న: వచ్చే రోడ్డు రేసులో నాకు 13వ నంబరు ఇచ్చారు. మార్చమంటే కుదరదన్నారు. తలకిందులుగా పెట్టుకుంటే దోషం పోతుందని క్లబ్బులో అంటున్నారు. నిజంగా అలా చేస్తారా? డిస్‌క్వాలిఫై చేస్తారేమో? (ఒక రైడరు, కరీంనగర్)

జవాబు: చేస్తారు. యూరప్ ప్రొఫెషనల్ రేసుల్లో ఇది పాత ఆచారమే. అక్కడ జెర్సీ వెనక రెండు నంబర్లు పెట్టుకుంటారు. 13 వచ్చినవాడు ఒకదాన్ని తిప్పేసి రెండోదాన్ని మామూలుగా ఉంచుతాడు, అధికారులు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. మన దగ్గర చాలా రేసుల్లో ఒకటే నంబరు ఇస్తారు కాబట్టి ముందే కమిసేర్‌ను, అంటే రేసు నిబంధనలు చూసే అధికారిని, అడగండి. 13ను తిప్పినా ఇంకో నంబరులా కనబడదు గనుక ఒప్పుకోవచ్చు. 16, 19, 66, 68 వచ్చినవాళ్లు మాత్రం సరదాకి కూడా తిప్పకండి. అవి 91, 61, 99, 89 అయి కూర్చుంటాయి, ఫినిషింగ్ ఫొటో చూసేవాళ్లు మీ స్థానాన్ని ఇంకొకరి ఖాతాలో వేసేస్తారు.

నంబరు వల్ల రేసు పోయేది ఎక్కువగా పిన్నీసుల దగ్గరే. నాలుగు మూలలకు నాలుగే పెడితే కాగితం గాలికి తెరచాపలా ఉబ్బుతుంది. ఎనిమిది పెట్టండి: మూలలకు నాలుగు, అంచుల మధ్యలో నాలుగు. పిన్నీసు కాగితంలోంచి గుడ్డలోకి వెళ్లి, మళ్లీ కాగితంలోంచే బయటకు రావాలి. జెర్సీ తొడుక్కుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి, ఇంకొకరితో పెట్టించుకోండి. నిటారుగా నిలబడి పెట్టిస్తే సైకిలెక్కి వంగగానే లాగేసి కాగితం చిరుగుతుంది. జేబు మీద పెట్టేటప్పుడు పై పొరకే గుచ్చాలి, రెండు పొరలూ కలిపి గుచ్చితే జేబు మూసుకుపోయి అరటిపండు రేసంతా లోపలే ఉండిపోతుంది. నంబరు వెనక టైమింగ్ చిప్ అంటించి ఉంటే దాని మీద పిన్ను గుచ్చొద్దు, మడవొద్దు. చిన్నగా కనబడాలని అంచులు మడవడం నిబంధనలకు కూడా విరుద్ధం.

అదృష్టం నంబర్లు కూడా ఉన్నాయి. టూర్ డి ఫ్రాన్స్‌లో 1969లో ఎడ్డీ మెర్క్స్, 1973లో లూయీస్ ఒకాన్యా, 1975లో బెర్నార్ తెవెనే, 1978లో బెర్నార్ ఇనో, నలుగురూ 51వ నంబరుతోనే గెలిచారు. 51 పెట్టుకుని ఓడినవాళ్ల జాబితా మాత్రం ఎవరూ రాసిపెట్టరు.

ప్రశ్న: వరసగా మూడు రేసుల్లో పంక్చరు, మూడుసార్లూ వెనక చక్రమే. కొత్త ట్యూబులు వేసినా అంతే. ఏలినాటి శని అంటున్నారు. నా బరువు 72 కిలోలు, 28 మి.మీ. టైర్లు, గాలి 100 పీఎస్‌ఐ కొడతాను. (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: ట్యూబులు మార్చారు సరే, టైరు లోపల వేలు పెట్టి చూశారా? మూడుసార్లూ ఒకే చక్రమైతే దోషి ఇంకా ఆ చక్రంలోనే ఉండే అవకాశం ఎక్కువ. లారీ టైర్లు చిరిగినప్పుడు రోడ్డు మీద పడే సన్నటి ఉక్కు తీగ ముక్క పైనుంచి చూస్తే కనబడదు. టైరు లోపలి గోడ వెంట దూదిని మెల్లగా తిప్పండి, తీగ ఉన్నచోట దూది చిక్కుకుంటుంది. వేలితో అయితే మెల్లగా తడమండి, కోసుకుంటుంది. బయటికి లాగడానికి చిన్న పట్టకారు కావాలి, గోళ్లతో రాదు.

ఇకనుంచి టైరు ఎక్కించేటప్పుడు దాని మీది కంపెనీ పేరు సరిగ్గా వాల్వు దగ్గరకు వచ్చేలా పెట్టండి. ట్యూబుకు చిల్లు పడితే వాల్వు నుంచి ఎంత దూరమో కొలిచి, టైరులోనూ రిమ్ములోనూ అంతే దూరంలో వెతకొచ్చు. చిల్లు ఎక్కడుందన్నదే అసలు సమాచారం. ట్యూబు బయటి వైపు, అంటే రోడ్డు వైపు ఉంటే గాజో తీగో. లోపలి వైపు ఉంటే రిమ్ము టేపు పక్కకు జరిగి, పుల్లల రంధ్రం అంచు ట్యూబును కోస్తోంది. అప్పుడు టేపు మార్చాలి, ట్యూబు మార్చి లాభం లేదు. పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులుంటే గాలి తక్కువై గుంతలో రిమ్ముకు నలిగింది. వాల్వు మొదట్లో చిరిగితే పంపు పెట్టి లాగేటప్పుడు వాల్వును వంచుతున్నారు.

వెనక చక్రమే ఎందుకంటే, శరీరం బరువు ఎక్కువగా దాని మీదే పడుతుంది. పైగా రోడ్డు మీద పడుకుని ఉన్న ముక్కను ముందు చక్రం తట్టి లేపితే, నిలబడ్డ ముక్క మీదికి వెనక చక్రం ఎక్కుతుంది.

మీ బరువుకు 28 మి.మీ. టైరులో 100 పీఎస్‌ఐ చాలా ఎక్కువ. ముందు 65, వెనక 70 దగ్గర మొదలుపెట్టి, రెండేసి పీఎస్‌ఐ చొప్పున సర్దుకోండి. మీ రిమ్ము హుక్‌లెస్ రకమైతే, అంటే టైరు అంచును పట్టుకునే కొక్కెం లేనిదైతే, 72.5 పీఎస్‌ఐ, అంటే 5 బార్, దాటనే కూడదు. టైరు రిమ్ము మీదనుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. రోడ్డు ఎడమ అంచు పట్టుకుని పోవద్దు, వాహనాల గాలికి గాజుపెంకులన్నీ అక్కడికే చేరతాయి. వాన పడితే ఇంకా జాగ్రత్త: తడిసిన రబ్బరును గాజు సులువుగా కోస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి జూనియర్ రేసుల్లో ఉన్నాడు. దసరాకి సైకిలుకి ఆయుధపూజ చేసి, పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దిష్టికి నిమ్మకాయ మిరపకాయలు కట్టాను. మర్నాటి నుంచి బ్రేకులు కీచుమంటున్నాయి, సరిగా పట్టడం లేదు. పూజ చేయకపోయినా బాగుండేదని వాడు విసుక్కుంటున్నాడు. (ఒక తల్లి, రాజమహేంద్రవరం)

జవాబు: పూజ తప్పు కాదమ్మా, బొట్టు పెట్టిన చోటు తప్పు. డిస్కు బ్రేకుకు జిడ్డు అస్సలు పడదు. నూనెలోనో నెయ్యిలోనో తడిపిన పసుపు, అంతెందుకు, వేళ్ల జిడ్డు అంటినా చాలు, డిస్కును నొక్కి పట్టే ప్యాడ్లు పీల్చుకుంటాయి. హ్యాండిలు కింద ఫ్రేము ముందు భాగంలో, సీటు కింద గొట్టం మీద బొట్లు పెట్టండి. డిస్కు, రిమ్ము, చైను, టైరు, ఈ నాలుగూ వదిలేయండి. కొబ్బరినీళ్లు చైను మీద పడితే ఆరాక బంకలా అయి దుమ్ము పట్టుకుంటుంది, అందుకని సైకిలుకు మూడడుగుల దూరంలో కొట్టండి.

ఇప్పుడు చేయాల్సింది: చక్రాలు తీసి డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, తెల్లటి శుభ్రమైన గుడ్డతో తుడవాలి. గుడ్డకు మరక అంటడం ఆగేదాకా గుడ్డ మారుస్తూ ఉండాలి. ప్యాడ్లు బయటకు తీసి 120 నంబరు గరుకు కాగితాన్ని బల్లమీద పరిచి, పై పొర పోయేదాకా గుండ్రంగా రుద్దాలి. ఆ దుమ్ము పీల్చకండి. చక్రాలు లేనప్పుడు బ్రేకు నొక్కకూడదు, పిస్టన్లు ముందుకొచ్చేసి డిస్కు లోపల పట్టదు. తిరిగి బిగించాక ఖాళీ రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ, చక్రం ఆగిపోకుండా నడక వేగం దాకా బ్రేకు వేయాలి. ఒక్కో బ్రేకుకు ఇరవై సార్లు. అప్పటికీ కీచుమంటే నూనె లోపలిదాకా దిగిందన్నమాట, ప్యాడ్లు మార్చేయండి. గ్యాస్ స్టవ్ మీద కాల్చమని సలహాలిస్తారు, వినకండి.

నిమ్మకాయ మిరపకాయల దండను మాత్రం హ్యాండిలుకు కట్టొద్దు. దారం తెగి ముందు చక్రం పుల్లల్లో పడితే చక్రం ఒక్కసారిగా బిగుసుకుని అబ్బాయి హ్యాండిలు మీదుగా ఎగిరి పడతాడు. ఇంట్లో సైకిలు పెట్టే చోట గోడకు కట్టుకోండి.

ప్రశ్న: రేసుకు బయల్దేరుతుంటే ఎవరో ఒకరు తుమ్ముతారు. పెద్దవాళ్లు కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తారు. ఆలస్యమై వార్మప్ పోతోంది. రాహుకాలం గొడవ వేరే. (ఒక విద్యార్థి, నల్గొండ)

జవాబు: రాహుకాలం గొడవ మీకు లేనే లేదు. ఆదివారం అది సాయంత్రం 4:30 నుంచి 6 వరకు, మన రేసులు ఎక్కువగా ఆదివారం తెల్లవారుజామునే. తుమ్ముకు పదిహేను నిమిషాలు ముందే లెక్కలో వేసుకుని బయల్దేరండి. కూర్చున్న ఆ కాసేపట్లో ఇరుసులు బిగిశాయో లేదో చూడండి, ముందు బ్రేకు పట్టుకుని సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిలు దగ్గర టకటక వినిపిస్తే హెడ్‌సెట్, అంటే హ్యాండిలు తిరిగే చోటి బేరింగు, వదులైనట్టే.

ప్రశ్న: పోయినేడు జిల్లా ఛాంపియన్ అయ్యాను. అప్పట్నుంచి ఒక్కటీ గెలవలేదు. ప్రపంచ ఛాంపియన్ వేసుకునే ఇంద్రధనుస్సు జెర్సీకి శాపం ఉందని చదివాను. (ఒక రైడరు, విశాఖపట్నం)

జవాబు: ఆ శాపం కథకు ఉదాహరణలున్నాయి. 1965లో గెలిచిన టామ్ సింప్సన్ 1966 మొదట్లో మంచు మీద స్కీయింగ్ చేస్తూ కాలు విరగ్గొట్టుకున్నాడు. 1970 విజేత జాన్ పియెర్ మోన్సెరె మరుసటి మార్చిలో ఒక రేసు మధ్యలో కారు ఢీకొని చనిపోయాడు. 1987 విజేత స్టీఫెన్ రోచ్‌కు మోకాలు దెబ్బతిని 1988 సీజను చాలావరకు పోయింది. మరి 1971 విజేత మెర్క్స్? 1972లో జిరో డి ఇటాలియా (ఇటలీ పెద్ద రేసు), టూర్ డి ఫ్రాన్స్ రెండూ గెలిచి, గంటలో ఎక్కువ దూరం తొక్కే గంట రికార్డు కూడా బద్దలుకొట్టాడు. పీటర్ సగాన్ 2015, 2016, 2017ల్లో వరసగా మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ఈ శాపాన్ని లెక్కలు కట్టి చూసిన పరిశోధన వచ్చింది. ఛాంపియన్లు మరుసటి ఏడు తక్కువ రేసులు గెలిచిన మాట నిజమే, కానీ గెలిచిన ఏడాదే వాళ్ల మామూలు స్థాయి కంటే బాగా కలిసొచ్చిన ఏడాది. తర్వాత మళ్లీ మామూలుకు వచ్చారు, అంతే.

మీ విషయంలో ఇంకోటి కూడా ఉండొచ్చు. పోయినేడు మీరు ఐదు కిలోమీటర్ల ముందు గుంపులోంచి దూకితే ఎవరూ పట్టించుకుని ఉండరు. ఇప్పుడు మీరు లేస్తే నలుగురు వెనకే లేస్తారు. మొదటి దాడి మీరు చేయొద్దు. ఇంకొకరు దూకి, గుంపు వాళ్లను పట్టేసి అందరూ ఊపిరి తీసుకునే క్షణంలో పక్కనుంచి లేవండి.

ప్రశ్న: గెలిచిన రోజు వేసుకున్న షార్ట్స్ ఉతక్కుండా దాచి రేసులకే వాడుతున్నాను. తప్పా? (పేరు వద్దన్నారు)

జవాబు: తప్పే. షార్ట్స్ లోపలి మెత్తటి ప్యాడ్‌లో చెమట, బ్యాక్టీరియా, ఒరిపిడి కలిసి కురుపులు లేస్తాయి, వారం సైకిలెక్కలేరు. ప్రతి రైడు తర్వాత తిరగేసి చన్నీళ్లతో ఉతకండి, ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడొద్దు. ప్యాడ్ పైకి ఉండేలా గాలి ఆడే చోట ఆరేయండి. సెంటిమెంట్ తప్పదనుకుంటే సాక్సులకు మార్చుకోండి, అవి కూడా ఉతికినవే.