మందార పూలు తినే పురుగు సోల్జర్ బీటిలేనా?

విశాఖలో మేడ మీద కుండీల్లో మందార పూలను తినేస్తున్న, నలుపు మీద నారింజ పట్టీలున్న పురుగు సోల్జర్ బీటిలేనా అని అడిగారు. కాదు. మీరు చెప్పిన గుర్తులు బొబ్బల పురుగువి. దాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోకండి. నలిగితే కారే ద్రవం తగిలి చర్మం పొక్కుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ జాగ్రత్త.

సోల్జర్ బీటిల్ సాధారణంగా పూలను పాడుచేయదు. పుప్పొడి, మకరందం తింటుంది, చాలా జాతులు పేనుబంకనూ తింటాయి. ఒళ్లు సన్నగా, పొడవుగా ఉంటుంది. పై రెక్కలు మామూలు పెంకు పురుగుల్లా గట్టిగా ఉండవు, తోలులా మెత్తగా వంగుతాయి. ఇది మిణుగురుకి దగ్గరి చుట్టమే గానీ వెలగదు. పైనుంచి చూస్తే మిణుగురు తల మెడ పలక కింద దాగి ఉంటుంది, దీని తల మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. తేడా పట్టడానికి ఇంతకంటే మంచి గుర్తు లేదు.

ప్రపంచమంతా కలిపి సోల్జర్ బీటిల్ జాతులు సుమారు 5,000 ఉన్నాయి.

గుడ్లు తడి మట్టిలో పెడుతుంది. లార్వా (గుడ్డు నుంచి వచ్చే పిల్ల పురుగు) ఒళ్లంతా సన్నటి నూగు. రాలిన ఆకుల కింద తిరుగుతూ చిన్న నత్తల్ని, పురుగుల గుడ్లను, మెత్తటి పురుగులను తింటుంది. జీవితంలో ఎక్కువ భాగం ఈ దశలోనే గడుస్తుంది. మట్టిలోనే ప్యూపాగా (రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే దశ) మారుతుంది. రెక్కలొచ్చాక బతికేది కొన్ని వారాలే.

మందు స్ప్రే చేయకండి, సోల్జర్ బీటిల్ లాంటి మేలు చేసే పురుగులూ చచ్చిపోతాయి. బొబ్బల పురుగుల్ని గ్లౌజులు వేసుకుని ఏరి సబ్బునీళ్లలో వేయండి, చాలు.