నొప్పి కోసం ఎదురుచూడకు

బుజ్జీ,

నిన్న ఫోన్‌లో "అమ్మకు మార్ఫిన్ రాశారు పెద్దమ్మా, అంటే ఇక అంతేనా?" అన్నావు. కాదమ్మా. ఆ మందు నొప్పి ఎంతుందో చూసి రాస్తారు, రోజులెన్ని మిగిలాయో లెక్కేసి కాదు. నొప్పినీ బాధనూ తగ్గించే ఈ ఉపశమన వైద్యమంటే చేతులెత్తేయడమని చాలామంది అనుకుంటారు. కానీ 2010లో ఊపిరితిత్తుల క్యాన్సర్ బాగా ముదిరినవాళ్ల మీద ఒక అధ్యయనం వచ్చింది. మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచీ ఈ వైద్యం కూడా అందినవాళ్లు కాస్త హాయిగా ఉన్నారు, పైగా రెండు నెలలకు మించి ఎక్కువ బతికారు.

మీ పెదనాన్న విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకూడదు. నాలుగు గంటలకోసారి ఇమ్మన్న మార్ఫిన్ మాత్రను, అలవాటైపోతుందేమోనన్న భయంతో, ఆయన అడిగితేనే ఇచ్చేదాన్ని. నన్ను ఇబ్బంది పెట్టడమెందుకని ఆయన అడిగేవారు కాదు. మంచం పట్టెను పట్టుకున్న వేళ్లు తెల్లగా పాలిపోయి ఉండేవి. అది చూసి కూడా నాకు తట్టలేదు. నర్సు కోప్పడితేగానీ తెలిసిరాలేదు: నొప్పిని రాకుండా ఆపడం తేలిక, ముదిరాక దించడం కష్టం. మందుకు ఒళ్లు అలవాటు పడటం వేరు, వ్యసనం వేరు. గడియారం చూసి ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పిందట. నాకే ఆలస్యంగా తెలిసింది.

అందుకే ఫోన్‌లో అలారం పెట్టుకో. మధ్యలో నొప్పి పోటెత్తితే అదనంగా ఎంత ఇవ్వాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకో. ఒక నోట్‌బుక్‌లో టైము, నొప్పి పదికి ఎంత, ఏమిచ్చావు, గంట తర్వాత ఎంత ఉంది, ఇవి రాయి చాలు. అదనపు డోసులు మాటిమాటికీ కావాల్సివస్తే అసలు డోసు చాలట్లేదన్నమాట. నీ అంతట నువ్వు పెంచకు, ఫోన్ చేసి అడుగు. నెమ్మదిగా పనిచేసే రకం మాత్రలైతే మింగలేకపోతోందని పొడి చెయ్యకు, మందంతా ఒక్కసారే దిగుతుంది. ఊపిరి బాగా నెమ్మదించి, పిలిచినా పలక్కపోతే మాత్రం క్షణం ఆగకుండా డాక్టరుకు చెప్పు.

మత్తు, వికారం కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. మలబద్ధకం సర్దుకోదు. విరేచనం మందు మార్ఫిన్‌తో పాటే మొదలవ్వాలి, రాయకపోతే అడుగు. ఇందులో మొహమాటమేంటి?

ఆయాసం వచ్చినప్పుడు దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, చిన్న ఫ్యాను ముఖానికి ఎదురుగా పెట్టు. చెంపలకు గాలి తగిలితే ఊపిరి ఆడుతున్నట్టుంటుంది. ఇంత చిన్న పని అంత పనిచేస్తుందని నేనూ నమ్మలేదు.

తినట్లేదని బతిమాలకు. తినక నీరసించట్లేదమ్మా, జబ్బు వల్ల తినలేకపోతోంది. రెండు చెంచాలు చాలన్నప్పుడు గిన్నె తీసెయ్. పెదాలు మాత్రం తడుపుతూ ఉండు.

కొత్తగా వెన్నునొప్పి మొదలై, కాళ్లు తడబడినా, మూత్రం ఆగినా తెల్లారేదాకా చూడకు. వెన్నుపాము నొక్కుకుపోతుండొచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

రాత్రి డోసు తమ్ముడికి అప్పగించు, నువ్వు పడుకో. రేపు ఆ నోట్‌బుక్ మొదటి పేజీ ఫోటో తీసి నాకు పంపు.

మీ పెద్దమ్మ