నాయనమ్మని అప్పుడే మోక్షానికి పంపేస్తే ఎలా?

తమ్ముడూ,

కథ చదివాను. ‘మొహమాటం లేకుండా చెప్పక్కా’ అన్నావు కాబట్టి అలాగే చెప్తాను.

ఎత్తుగడ బాగుంది. నవంబర్ 2, సమాధుల తోట, సున్నం బకెట్టు, చామంతి దండలు, గాలికి నిలవని కొవ్వొత్తులకి అరచేతులు అడ్డం పెట్టే పిల్లలు, అంతా కళ్లకు కట్టింది. కానీ రెండో పేజీకి వచ్చేసరికి మీ నాయనమ్మ తెల్లచీర కట్టుకుని, దేవదూతల మధ్య నవ్వుతూ కూర్చుంది. నాకు కథ అక్కడే అయిపోయింది. ఆవిడ అప్పటికే మోక్షం చేరిపోతే మీ నాన్న ఆ మట్టిలో మోకాళ్లూని దేనికోసం ప్రార్థిస్తున్నట్టు?

మన కతోలికుల పండుగల వరస చూడు. నవంబర్ 1 సకల పునీతులది, అంటే మోక్షం చేరిన పుణ్యాత్ములది, మర్నాడు చనిపోయిన మనవాళ్లందరిదీ. మొదటి రోజు, మా కోసం ప్రార్థించండని పునీతుల్ని అడుగుతాం. రెండో రోజు మన పోయినవాళ్ల కోసం మనమే దేవుణ్ణి అడుగుతాం. నువ్వు ఒకటో తారీకు మనిషిని తీసుకొచ్చి రెండో తారీకు కథలో కూర్చోబెట్టావు, అందుకే అందులో ఎవరికీ ఏ పనీ లేకుండా పోయింది.

అసలు కథ నీ మెయిల్లో ఉంది. ‘మా నాయనమ్మ పాలల్లో నీళ్లు కలిపేదక్కా, కొలత మాత్రం నిండుగా పోసేది, జపమాల మాత్రం ఒక్కరోజు మానలేదు’ అని నవ్వుతూ రాశావు చూడు, ఆ ఒక్క వాక్యం ముందు నీ దేవదూతలందరూ దిగదుడుపే. దాన్ని కథలోంచి ఎందుకు తీసేశావు? పోయినవాళ్ల గురించి చెడు రాయకూడదనా? ఉత్తరించు స్థలంలోని ఆత్మల కోసం, అంటే మోక్షానికి ముందు ఇంకా శుద్ధి అవుతున్నవాళ్ల కోసం, ప్రార్థన అంటేనే, ఈ మనిషిలో ఇంకా కడగాల్సింది ఉందని దేవుడి ముందు ఒప్పుకోవడం కదా. తప్పే లేని మనిషికి ఆ ప్రార్థనతో పనేముంది?

మన బైబిల్లో మక్కబీయుల రెండో గ్రంథం పన్నెండో అధ్యాయం ఒకసారి తెరువు. యుద్ధంలో చచ్చిపోయిన తమవాళ్లని పాతిపెడదామని యూదుల సేనాని యూదా మక్కబీ మనుషులు వెళ్తే, చచ్చిన ప్రతి సైనికుడి అంగీ కింద యామ్నియా విగ్రహాల తాయెత్తులు దొరుకుతాయి. ధర్మశాస్త్రం వద్దన్న పని! అయినా ఛీ అని వదిలెయ్యరు. ప్రార్థిస్తారు, ఆ తర్వాత యూదా రెండువేల వెండి నాణేలు చందా పోగుచేసి, పాపపరిహార బలి కోసం యెరూషలేముకి పంపిస్తాడు. ఆ తాయెత్తుల సంగతి రాయకుండా ఉంటే ఆ చందా దేనికో మనకి అర్థమయ్యేదే కాదు.

తొలినాళ్ల క్రైస్తవ వేదాంతి పునీత అగస్టీను ఇంకా ధైర్యస్తుడు. తల్లి మోనిక క్రీ.శ. 387లో రోము దగ్గర ఓస్తియా రేవులో చనిపోయింది. పదేళ్లో ఎన్నో గడిచాక ఆ సంగతి రాస్తూ, ఆవిడ భక్తి గురించి చెప్తూనే, చిన్నప్పుడు పీపాలోంచి ద్రాక్షారసం తేవడానికి పంపితే రోజుకో గుక్క చొప్పున మొదలుపెట్టి గిన్నెలకి గిన్నెలు తాగేదాకా వెళ్లిందనీ, పనిపిల్ల ఓ గొడవలో తాగుబోతని మొహం మీదే అనేసరికి సిగ్గుపడి మానేసిందనీ రాశాడు. తండ్రి పత్రీసు కోపిష్టితనాన్నీ దాచలేదు. అన్నీ చెప్పాక, మా అమ్మ చేసిన మంచి కాసేపు పక్కన పెడుతున్నాను, ఆమె పాపాల కోసం అడుగుతున్నాను ప్రభూ అనే అర్థం వచ్చేలా ప్రార్థిస్తాడు. ఆవిడ కూడా పోయేముందు గొప్ప సమాధి అడగలేదు, సొంత ఊరికి తీసుకెళ్లమనీ పట్టుబట్టలేదు. పూజాపీఠం దగ్గర నన్ను తలుచుకోండి, అంతే చాలంది. పదహారువందల ఏళ్ల తర్వాత ఇప్పటికీ మనం ఆవిడని మనిషిగా గుర్తుపడుతున్నామంటే ఆ ద్రాక్షారసం పుణ్యమే అనిపిస్తుంది నాకు.

ఇక పేర్ల చీటీలు. దీన్ని ఒక్క వాక్యంలో దాటేశావు, నాకు ప్రాణం ఉసూరుమంది. పూజకి ముందు జనం, ఫాదర్‌కి సాయంగా ఉండే ఉపదేశి చుట్టూ మూగి, పోయిన తమవాళ్ల పేర్ల చీటీలిస్తారు కదా, నోట్‌బుక్ చింపి రాసినవి, పెళ్లికార్డు వెనక రాసినవి. జ్ఞానస్నానం పేరొకటి, ఊళ్లో పిలిచే పేరొకటి, ఏది రాయాలో తేలక రెండూ రాస్తారు. చివర్న ‘ఎవరూ లేని ఆత్మల కోసం’ అని ఒక గీత గీసి రాసేవాళ్లుంటారు. ఉపదేశి చదువుతుంటే తమ పేరు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి, వచ్చాక తల దించుకుంటారు. పేరు తప్పిపోయినవాళ్లు పూజయ్యాక ఉపదేశిని పట్టుకుని వాయించేస్తారు కూడా. మీ నాన్న చీటీలో ఎవరెవరి పేర్లు రాశాడు, ఎవరిది రాయబోయి ఆగాడు, అది రాయి. నీళ్లపాలు కొనుక్కున్నవాళ్లలో ఒకరు ఆ సమాధి దగ్గరికొచ్చి కొవ్వొత్తి పెట్టినా పెట్టొచ్చు. క్షమించానని మాత్రం ఆ నోట పలికించకు.

మీ బావ బాప్తిస్టు సంఘంవాడు, కతోలికుడు కాదు అన్నావు. కథలో అతను మూలన నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు, విలన్లా. అన్యాయం. మనిషి పోయాక తీర్పు అయిపోయింది, ఇక మార్చేదేం లేదని వాళ్లు నమ్ముతారు, అందుకే వాళ్ల ఆదరణ కూడిక బతికున్నవాళ్ల కోసం. మక్కబీయుల గ్రంథం వాళ్ల బైబిల్లోనే లేదు. అత్తింటివాళ్లు ఏడుస్తుంటే చేతులు కట్టుకుని నిలబడిన ఆ మనిషికీ ఆవిడంటే ప్రేమే, కానీ నోరు కదపలేడు. నీ కథలో ఎక్కువ బాధ అతనిదే కావచ్చు.

కథలోని కలలో నిప్పుల గుండం తీసెయ్. 1563లో కతోలిక పీఠాధిపతుల ట్రెంటు మహాసభ ఉత్తరించు స్థలం మీద తీర్మానం రాసినప్పుడు మంటల వర్ణన పెట్టలేదు. ఉత్తరించు స్థలం ఉంది, అక్కడి ఆత్మలకి మన ప్రార్థనలు, ముఖ్యంగా దివ్యపూజ, సాయపడతాయి అని చెప్పి ఊరుకుంది. మామూలు జనానికి చేసే ప్రసంగాల్లో చిక్కు ప్రశ్నలు పెట్టొద్దనీ, వింతలకీ మూఢనమ్మకాలకీ డబ్బు యావకీ చోటివ్వొద్దనీ పీఠాధిపతులకి గట్టిగా చెప్పింది. అంతకంటే మంచి ఎడిటరు నీకు దొరకడు.

ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి, ఓడిలో అనే ఆయన, 998 ప్రాంతంలో ఈ రోజును మొదలుపెట్టాడన్న పేరా కూడా అక్కర్లేదు. నిజమే, కానీ గడ్డి పీకుతున్న మీ నాన్నకి అది గుర్తురాదు. దాని బదులు ఫాదర్ గారి గొంతు ఎందుకు బొంగురుపోయిందో రాయి. మొదటి ప్రపంచయుద్ధంలో పోయినవాళ్లని తలుచుకుని 1915లో పదిహేనో బెనెడిక్టు పోపు, ఈ ఒక్కరోజు గురువులందరూ, అంటే ఫాదర్లందరూ, మూడేసి పూజలు చెయ్యొచ్చని అనుమతిచ్చారు. మన ఊళ్లలో అదంటే పొద్దున గుళ్లో ఒకటి, ఆ గుడి కిందకే వచ్చే సబ్‌స్టేషన్ ఊళ్లో ఒకటి, సాయంత్రం సమాధుల తోటలో ఒకటి. డబ్బివ్వందే పూజ చెప్పనన్న ఫాదర్ని పెట్టావు. అలాంటివాళ్లు లేరనను, కానీ పేదవాళ్లు కానుక ఇవ్వలేకపోయినా వాళ్ల కోసం పూజ చెయ్యమనే కతోలిక తిరుసభ చట్టం గురువులకి చెప్తుంది. అది తెలిసే కాదన్నాడంటే ఆ పాత్ర ఇంకాస్త పదునెక్కుతుంది.

పాల సంగతి రాస్తే నాన్న కోప్పడతారేమోనని నీ టెన్షన్. కోప్పడతారు. కథ పూర్తి చేశాకే చూపించు, సగంలో చూపిస్తే మళ్లీ తెల్లచీర కట్టిస్తావు. నవంబర్ సంచికకి పంపాలంటే అక్టోబర్ మొదటి వారంలోపు నాకు పంపు, ఆ తర్వాత పంపితే చదివే తీరిక నాకుండదు.

— అక్క