అమ్మ, అత్తగారు ఇద్దరూ ఉండగా డౌలా ఎందుకు?

మీకు ఏడో నెల. పురుడు హైదరాబాద్‌లోనే, అమ్మ, అత్తగారు ఇద్దరూ వస్తున్నారు. అయినా డౌలాను, అంటే కాన్పంతా పక్కనుండి ధైర్యం చెప్పే మనిషిని, డబ్బిచ్చి పెట్టుకోవాలా, లేక డబ్బు దండగా అని అడిగారు. నేను నా మొదటి కాన్పుకి ఇదే ఊళ్లో పెట్టుకున్నాను. ముందే చెప్పేస్తున్నాను, నాకు సిజేరియనే అయింది. డౌలా ఉంటే నార్మల్ గ్యారంటీ అని ఎవరైనా అంటే నమ్మకండి. అయినా సరే, మళ్లీ కాన్పు వస్తే మళ్లీ పెట్టుకుంటాను.

డౌలా అంటే మంత్రసానో నర్సో అనుకునేవాళ్లు చాలామంది. ఆవిడ బీపీ చూడదు, లోపల చెక్ చేయదు, మందులు చెప్పదు, పురుడు పోయదు. బిడ్డకు నలుగు పెట్టి నీళ్లు పోసే ఆయా కూడా కాదు. నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ పుట్టేదాకా మీ పక్కనుంచి కదలకుండా ఉండటమే ఆవిడ అసలు పని. వింటే ఇదొక పనా అనిపిస్తుంది. లేబర్ రూమ్‌లో నర్సులకు డ్యూటీలు మారతాయి, డాక్టర్ వచ్చి చూసి వెళ్తారు, అమ్మ బయట కుర్చీలో కూర్చుని కనపడని దేవుళ్లందరికీ మొక్కుతుంటుంది. మనకంటే మనవాళ్లకే ఎక్కువ టెన్షన్. అందరిలో భయపడని మనిషి ఒక్కరుండాలి. డబ్బిచ్చేది దానికే అని నాకు అనిపించింది.

నాకు నొప్పులు రాత్రిపూట ఇంట్లోనే మొదలయ్యాయి. అందరూ కారు తీయమని ఒకటే గొడవ. డౌలా ఫోన్లో నన్ను మాట్లాడిస్తూ నొప్పికీ నొప్పికీ మధ్య ఎంతసేపు ఉంటోందో మా ఆయన చేత రాయించింది. ఉమ్మనీరు పోయిందా, బ్లీడింగ్ ఉందా, బిడ్డ కదులుతోందా అని అడిగి, ఇదంతా హాస్పిటల్‌కి ఫోన్ చేసి చెప్పమంది. వాళ్లు ఇంకా టైముంది, పొద్దున రమ్మన్నారు. అప్పుడు నన్ను రెండు ఇడ్లీ తిని ఎడమ పక్కకి తిరిగి పడుకోమంది.

హాస్పిటల్లో నొప్పి వచ్చినప్పుడల్లా నడుము కింద రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టేది. అది ఎంత హాయో చెప్పలేను. మా ఆయనకూ నేర్పించింది. అంతదాకా ఏం చేయాలో తెలియక ఫోన్ చూసుకుంటూ నిలబడ్డ మనిషికి ఒక పని దొరికింది. నొప్పులు నెమ్మదించి, డాక్టర్ నొప్పులు పెంచే డ్రిప్ పెడదామన్నప్పుడు నేను డౌలా మొహంలోకి చూశాను. పెట్టించుకోమనీ అనలేదు, వద్దనీ అనలేదు. "ఇప్పుడే ఎందుకు, కాసేపు ఆగితే ఏమవుతుంది అని డాక్టర్‌గారినే అడుగు" అంది. అడిగాను, డాక్టర్‌గారు ఓపిగ్గా చెప్పారు, సరేనన్నాను. తర్వాత బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని ఆపరేషన్ అన్నప్పుడు కూడా ఏడుపు రాలేదు, ఎందుకో నాకు తెలుసు కాబట్టి. డాక్టర్‌కి ఎదురు చెప్పమని ఎగదోసే డౌలా తగిలితే మాత్రం వెంటనే మానిపించేయండి.

నిజానికి ఆవిడ విలువ ఎక్కువ తెలిసింది ఇంటికొచ్చాకే. కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను చంక కింద పెట్టుకుని పాలివ్వడం చూపించింది. ముర్రుపాలు కొన్ని చుక్కలే వస్తుంటే చుట్టాలంతా డబ్బా పాలు పట్టమన్నారు. బిడ్డ ఎన్నిసార్లు ఉచ్చ పోస్తోందో లెక్కపెట్టండి, బరువు డాక్టర్‌కి చూపించండి అంది ఆవిడ. ఇక మా అమ్మ. బాలింత నీళ్లు తాగితే ఒళ్లు నీరు పడుతుందని గ్లాసులు లెక్కపెట్టి ఇచ్చేది. నేను చెబితే వినేది కాదు. డౌలా వచ్చి అమ్మ చేసిన వెల్లుల్లి కారం, నెయ్యి బాగున్నాయని మెచ్చుకుని, కాయం ఎలా చేశారని అడిగి, మెల్లగా నీళ్ల సంగతి తీసింది. పాలిచ్చే తల్లికి దాహం వేసినప్పుడల్లా నీళ్లివ్వాలని చెబితే అమ్మ తలూపింది! అదే మాట మా అత్తగారు అని ఉంటే ఇంట్లో రెండు రోజులు మాటలుండేవి కావు.

మొదటి రెండు వారాలు ఊరికే ఏడుపు రావడం మామూలేనని, అది దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చెప్పాలని మా ఆయనకు ముందే చెప్పి ఉంచింది. మనసు బాగోనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 కూడా రాసిపెట్టుకోండి, తెలుగులో మాట్లాడతారు.

మీ అత్తగారికి లెక్కలు కావాలంటే, వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2017 సమీక్షలో 17 దేశాల్లో 15 వేల మందికి పైగా ఆడవాళ్ల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూశారు. కాన్పంతా ఒకరు పక్కనుంటే సిజేరియన్లు కొంత తగ్గాయి, నొప్పుల సమయం కూడా కొంత తగ్గింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. అంత పెద్ద సమస్యకు డౌలా ఒక్కతే విరుగుడు కాదు లెండి. పక్కనుండే మనిషి డౌలానే కానక్కర్లేదు కూడా. ప్రభుత్వాసుపత్రుల్లో తానూ కాన్పు అనుభవించిన ఆడమనిషిని ఒకరిని తోడుగా ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. మీకు ధైర్యమున్న పిన్నో వదినో ఉంటే ఆవిడకే ఈ నడుము అదమడం నేర్పించుకోవచ్చు.

డబ్బు కట్టేముందు మీ హాస్పిటల్‌ని అడగండి. లేబర్ రూమ్‌లోకి ఒక్కరినే రానిస్తారా, మీ ఆయన, డౌలా ఒకరి తర్వాత ఒకరు మారుతూ ఉండొచ్చా? చాలాచోట్ల ఇక్కడే తేడా వస్తుంది. అదే రోజు ఇంకో కాన్పు పడితే ఆవిడ బదులు ఎవరు వస్తారో, పురుడయ్యాక ఇంటికి ఎన్నిసార్లు వస్తుందో కూడా ముందే రాయించుకోండి. డౌలాను లోపలికి రానిచ్చేది లేదని హాస్పిటల్ తేల్చి చెబితే, ఆ డబ్బు పురుడయ్యాక ఇంటికి రప్పించుకోవడానికే పెట్టండి.