ఎనిమిది మందే ఎందుకు?

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. గేమ్ డిజైనర్ కావాలన్నది నా కోరిక. జట్టుకు ఎనిమిది మంది చొప్పున ఆడే షూటర్ ఆట కోసం ఒక మ్యాప్ (ఆట జరిగే స్థలం) తయారుచేసి ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో చూపించాను. ‘ఎనిమిది మందే ఎందుకు?’ అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఇలాంటి ప్రశ్నలకు ఎలా సిద్ధం కావాలి?

జవాబు: మీ మ్యాప్ బాగాలేకపోవడం వల్లే ఆ ప్రశ్న అడిగారని అనుకోకండి. పోటీ షూటర్లలో జట్టు పరిమాణం మీదే మిగతా నిర్ణయాలు చాలావరకు నిలబడతాయి కనుక, ఆ సంఖ్యను మీరు ఆలోచించి పెట్టారా, అలవాటుగా పెట్టారా అన్నది వారు తెలుసుకోదలచి ఉంటారు. నా దృష్టిలో ఒక డిజైనర్‌ను అంచనా వేయడానికి ఇంతకంటే మంచి ప్రశ్న ఉండదు.

ముందుగా ఒక్క ఆటగాడి బరువు ఎంతో చూడండి. ఐదుగురిలో ఒకరు పడిపోతే జట్టు బలంలో ఐదో వంతు పోతుంది. పన్నెండు మందిలో ఒకరు పోతే పన్నెండో వంతే తగ్గుతుంది. కౌంటర్-స్ట్రైక్, వాలరెంట్ ఆటల పోటీ మ్యాచ్‌లలో చనిపోయినవారు సాధారణంగా ఆ రౌండ్ ముగిసేదాకా తిరిగి రారు. ఆ కఠినమైన నియమం ఐదుగురి జట్టులో ప్రతి తుపాకీ చప్పుడుకూ విలువ తెస్తుంది. అదే నియమాన్ని పెద్ద జట్లకు పెడితే మొదట పడినవారు చాలాసేపు ఖాళీగా చూస్తూ కూర్చోవలసి వస్తుంది, అందుకే బాటిల్‌ఫీల్డ్ వంటి పెద్ద ఆటలు పడినవారిని త్వరగా మళ్లీ బరిలోకి దించుతాయి.

ఇప్పుడు మీ మ్యాప్‌లో రెండు బాంబ్ సైట్లు, అంటే దాడి చేసేవారు బాంబు పెట్టాల్సిన చోట్లు, ఉన్నాయనుకుందాం. కాపాడేవారు ఐదుగురైతే ఇటు ఇద్దరు, అటు ఇద్దరు, నడుమ ఒకరు నిలుస్తారు. దాడి చేసే ఐదుగురూ ఒకే సైటు మీద పడితే, అక్కడున్న ఇద్దరు మిగతావారు పరుగెత్తుకొచ్చేదాకా తట్టుకోవాలి. ఆ కొద్ది సెకన్ల పరుగును లెక్కగట్టి దారుల పొడవు నిర్ణయించడమే లెవెల్ డిజైనర్ పని. ఇదే మ్యాప్‌లో ఎనిమిదేసి మందిని పెడితే ఒక్కో సైటులో నలుగురు ఉంటారు, ప్రతి దారి మీదా ఒక కన్ను ఉంటుంది, ఒక వైపు చప్పుడు చేసి మరో వైపు దూరే ఎత్తుగడకు చోటే మిగలదు. మరోవైపు వాలరెంట్‌లోని హేవెన్ మ్యాప్‌కు మూడు సైట్లున్నాయి కనుక, ఐదుగురు ఒక్కో చోట ఇద్దరేసి నిలవడం సాధ్యం కాదు, ఎక్కడో ఒకచోట కాపలా పలచబడక తప్పదు. సైట్ల సంఖ్య, దారుల పొడవు, ఆటగాళ్ల సంఖ్య ఒకే లెక్కలోని మూడు అంకెలు. ఒకటి మారిస్తే మిగతావి కదులుతాయి.

పాత్రల విలువ కూడా మారుతుంది. 2007లో వచ్చిన టీమ్ ఫోర్ట్రెస్ 2లో తొమ్మిది పాత్రలున్నాయి. ఆ ఆటను పోటీగా ఆడేవారు ఆరుగురి పద్ధతిని ఎంచుకున్నప్పుడు స్కౌట్, సోల్జర్, డెమోమ్యాన్, మెడిక్ పాత్రలే ఆటంతా ఉండి, మిగతావి అవసరాన్నిబట్టి వచ్చిపోయేవిగా మారాయి. తొమ్మిది మందితో ఆడే హైల్యాండర్ పద్ధతిలో మాత్రం పాత్రకు ఒకరు చొప్పున అందరికీ చోటు దొరికింది. ఆట ఒకటే, తుపాకులు అవే. ఓవర్‌వాచ్ ఆరుగురితో మొదలై, 2022లో రెండో భాగంతో ఐదుగురికి తగ్గింది. తొలగించింది ఒక్క ట్యాంక్‌నే (జట్టు ముందు నిలిచి దెబ్బలు కాచుకునే పాత్ర) అయినా, మిగిలిన ఆ ఒక్క ట్యాంక్‌ను బలపరచవలసి వచ్చింది, దాన్ని ఆడేవారి మీద భారం పెరిగింది, చివరికి ఆరుగురి పద్ధతిని కూడా మళ్లీ పరీక్షించారు. ఒక్కరిని తీసేయడం ఎంత ఖరీదైన పనో దీనికి మించిన ఉదాహరణ నాకు తోచదు.

మాటల సంగతి కూడా మరవవద్దు. ఐదుగురి మధ్య 10 జతలుంటే ఎనిమిది మంది మధ్య 28 ఉంటాయి. వాయిస్ చాట్‌లో అందరూ ఒకేసారి మాట్లాడితే ఏ హెచ్చరికా చెవికెక్కదు. పెద్ద ఆటలు జట్టును చిన్న స్క్వాడ్‌లుగా విడగొట్టడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇక మీరు చేయవలసిన పని. ఆ మ్యాప్‌ను పారేయకండి. దాన్నే నలుగురికి, ఐదుగురికి, ఎనిమిది మందికి సరిపడేలా మూడు రకాలుగా సాదా దిమ్మెలతో కట్టండి. కౌంటర్-స్ట్రైక్ 2 వర్క్‌షాప్ పరికరాలు గానీ, ఫోర్ట్‌నైట్ కోసం ఉన్న అన్‌రియల్ ఎడిటర్ గానీ ఇందుకు చాలు. ప్రతి రకాన్నీ స్నేహితులతో ఆడించి, మొదటి కాల్పులకు ఎంతసేపు పట్టిందో, పడినవారు ఎన్ని సెకన్లు ఖాళీగా ఉన్నారో, ఎవరూ అడుగుపెట్టని దారి ఏదో రాసుకోండి. పదహారు మందిని ఒకే వేళకు కూడగట్టడం ఎంత కష్టమో అప్పుడు మీకే తెలుస్తుంది; మ్యాచ్‌మేకింగ్ (ఆటగాళ్లను జట్లుగా కూర్చడం) చేసేవారు రోజూ ఎదుర్కొనే ఇబ్బంది కూడా అదే కనుక దాన్నీ రాయండి. మూడింటి చిత్రాలు, ఈ కొలతలు, మీరు మార్చుకున్న నిర్ణయాలు కలిపి రెండు పేజీల నివేదికగా పోర్ట్‌ఫోలియోలో మ్యాప్ పక్కనే పెట్టండి. పరీక్షల తరువాత కూడా ఎనిమిదే సరైనదని మీకు అనిపిస్తే దాన్నే ఉంచండి. ఏ కొలత చూసి ఆ మాట అంటున్నారో మాత్రం మొదటి పేజీలోనే చెప్పండి.